గుడిలో కెమెరా – ఎవరి గుట్టు?



ఈ శీర్షికకు మా ఉరవకొండ ప్రాంతపు యౌవనస్థుడొకరు వ్రాసిన ఉత్తరము చాలా రోజులుగా మా బల్లమీదనే ఉన్నది. "పాత గుళ్ళ లోపల ఫోటోలు తీయడమంటే నాకు ఇష్టము. స్టాండు వాడను. ఫ్లాష్ వెయ్యను. ఎవరికీ అడ్డము రాకుండా, ఎవరూ గమనించకుండా చేతితోనే పట్టుకొని తీయడం నేర్చుకొన్నాను. మా పెద్దలు కొందరు ఇది తప్పంటున్నారు. తప్పేనా?" అని ఆ తమ్ముడు అడిగారు.

జవాబు ఆలస్యము చేసినది మేమే. ఎందుకంటే ఆ ఉత్తరములోని 'ఎవరూ గమనించకుండా' అన్న మాట దగ్గర మా చెయ్యి ఆగిపోయినది. ఆ మాట వెనుక మా సొంత తప్పు ఒకటి ఉన్నది. దానిని చెప్పకుండా ఇతరులకు బుద్ధి చెప్పడము న్యాయము కాదు గనుక ముందు అదే చెబుతాము.

ఉరవకొండకు కొంత దూరములో ఒక పల్లె. దాని పేరు వ్రాయము. అక్కడ మన తాతల కాలపు చిన్న గుడి ఒకటి ఉండేది. మందమైన రాతి గోడలు, సున్నపు పూత, చిన్న చిన్న కిటికీలు, నేలకు బండలు, పైన మిద్దె. ఆ మిద్దె కారుతున్నదని సంఘస్థులు కొత్త గుడి కట్టుకోవాలని తీర్మానము చేసుకొన్నారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు మాత్రమే వాన పడే సీమలో మిద్దె కారిందంటే బయటివారు నవ్వుతారేమో! మా దగ్గర వాన వచ్చినప్పుడు అప్పు తీర్చినట్టు ఒక్కసారే వస్తుంది. పాత మిద్దెలు దానికి తట్టుకోలేవు.

పడగొట్టకముందు గుడి లోపలంతా ఫోటోలు తీసి పెట్టండని సంఘ పెద్దలు మమ్మును కోరారు. మేము శుక్రవారము ఉపవాస ప్రార్థన వేళకు వెళ్ళాము. అయ్యగారితో ఒక మాట చెప్పాము. చెప్పులు బయట విడిచి, కెమెరా శబ్దము ఆపివేసి, వెనుక స్తంభానికి ఆనుకొని నిలబడ్డాము. ఆ మధ్యాహ్నము ఒక్కరు కూడా తల త్రిప్పి మా వైపు చూడలేదు. మా పనితనానికి మేమే మెచ్చుకొన్నాము.

తీసిన వాటిలో ఒకటి చాలా బాగా వచ్చినది. ప్రక్క కిటికీలోనుండి ఎండ ఏటవాలుగా చాపమీద పడుతున్నది. స్త్రీలు వరుసగా కూర్చున్నారు. వారిలో ఒకామె కొంగు తలమీద కప్పుకొని, రెండు చేతులు చాపి, కన్నీటితో ప్రార్థిస్తున్నది. మేము ఆ బొమ్మను మిగిలిన వాటితో కలిపి సంఘ పెద్దగారికి పంపాము. ఆయన సంతోషముతో యౌవనస్థుల వాట్సాప్ గుంపులో పెట్టారు. అక్కడినుండి అది ఎన్ని చేతులు మారినదో దేవునికే తెలుసు.

ఆ తర్వాత ఒకనాడు అయ్యగారి అమ్మగారు మమ్మును ప్రక్కకు పిలిచి చెప్పారు. ఆ స్త్రీ మన సంఘస్థురాలు కాదు. బిడ్డ జబ్బు కోసము ప్రార్థన చేయించుకోవడానికి కొన్ని వారాలుగా వస్తున్నది. గుడికి వస్తున్నట్టు ఇంట్లో చెప్పలేదు. ఆ బొమ్మ తిరిగి తిరిగి ఆమె ఇంటికే చేరినది. ఆమె ఇక రావడము లేదు.

క్షమించమని అడగడానికి వెళ్దామంటే అదీ వీలులేదు. మేము ఆ గడప తొక్కితే ఆమెకు మరింత కష్టము. బొమ్మను మా దగ్గర తుడిచివేశాము. పెద్దగారు కూడా తీసివేశారు. కాని పంపినది పంపినదే గదా! ఆ శుక్రవారము ఆమె ప్రక్కనే కూర్చున్న అవ్వ ఒకామె తరువాత మాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉన్నది. "ఏం నాయనా, ఆ బిడ్డ దేవునితో మాట్లాడుకుంటాంటే నడుమ నువ్వు ఎందుకు దూరితివి?"

మేము దూరలేదే, కదలకుండా స్తంభము దగ్గరే నిలబడ్డామే అని మనసులో వాదించుకొన్నాము. అవ్వ మాటే నిజము. ఆనాడు మేము చాలా గుట్టుగా పని చేశాము. కాని ఆ గుట్టు మాది. కాపాడవలసిన గుట్టు ఆమెది. ఆ తమ్ముని ప్రశ్నకు మా జవాబంతా ఈ రెండు గుట్టుల నడుమనే ఉన్నది.

మొదటి సమూయేలు గ్రంథము మొదటి అధ్యాయములో షిలోహు మందిరపు సంగతి మీకు తెలుసు. హన్నా మనసులోనే ప్రార్థించుకొంటున్నది. పెదవులు కదులుతున్నాయి గాని స్వరము వినబడడము లేదు. యాజకుడైన ఏలీ ద్వారబంధము దగ్గర కూర్చుండి ఆమె నోటివైపు చూస్తున్నాడు. చూచి ఏమనుకొన్నాడు? త్రాగి వచ్చినదనుకొన్నాడు. అనుభవమున్న దైవజనుడు కళ్ళారా చూచి కూడా పొరబడ్డాడు. పెదవులు కనబడ్డాయి గాని దుఃఖము కనబడలేదు. కెమెరా చూపు కూడా ఏలీ చూపువంటిదే. ద్వారబంధము దగ్గరనుండి పైపైన చూస్తుంది. అయితే ఏలీలో ఒక మంచి ఉన్నది. ఆమె మాట విన్న తర్వాత తన తప్పు తెలిసికొని ఆమెను దీవించి పంపాడు. మాకు ఆ అవకాశము దొరకలేదు.

అయితే గుళ్ళలో ఫోటోలు తీయడమే మానుకోవాలా? అలా అనుకోవడము కూడా పొరపాటే.

మన పల్లె గుళ్ళకు మన చేతిలో ఏ జ్ఞాపకము మిగిలినదో ఆలోచించండి. లండన్ మిషనువారి పక్షాన జాన్ హ్యాండ్స్ దొరగారు బళ్ళారికి వచ్చినది 1810లో. తరువాత కడప, గుత్తి, జమ్మలమడుగు, అనంతపురము వరకు ఆ పని వ్యాపించినది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు ఈ సంఘములు అందులో చేరాయి. ఆ మిషనువారి కాగితాలు, ఉత్తరాలు, ఫోటోలు నేడు లండన్‌లోని సోయాస్ గ్రంథాలయములో భద్రముగా ఉన్నాయి. మన గుళ్ళ పాత బొమ్మలు ఎవరైనా తీసి ఉంటే వాటి కోసము మనము సముద్రము దాటి వెదకవలసిన స్థితి! మన పెట్టెల్లో వెదికితే పెండ్లి ఫోటోల వెనుక మసకగా కనబడే గోడ తప్ప మరేమీ దొరకదు. గుళ్ళు ఏటేటా పడగొట్టి కట్టుకొంటున్నాము. పాత గుడికి సాక్ష్యము ఎవరు మిగిలిస్తారు?

ఆ పల్లెలో కొత్త గుడి ప్రతిష్ఠ జరిగిననాడు మేము తీసిన పాత గుడి ఫోటోలను గోడకు అతికించారు. జనము లేని బొమ్మలు మాత్రమే పెట్టించాము. కిటికీ, గంట, ప్రసంగ పీఠము, కాళ్ళ రాపిడికి నున్నగా అరిగిన గడప బండ. ఒక తాతగారు ఆ గడప బొమ్మమీద వ్రేలు పెట్టి, "మా నాయన ఈడనే కూర్చుంటాండె" అని మనుమనికి చూపించారు. అది చూచినప్పుడు, చేయవలసిన పనినే చేయరాని తీరున చేశామని మాకు తెలిసినది.

చిత్రము తీయడములోని ఈ ప్రమాదము కొత్తది కాదు. 1876 మొదలుకొని 1878 వరకు మద్రాసు రాజధానిలో ఘోరమైన కరువు వచ్చినది. బళ్ళారి, కడప, కర్నూలు జిల్లాలు బాగా దెబ్బ తిన్నాయి. అనంతపురము అప్పటికి వేరు జిల్లా కాదు. బళ్ళారినుండి విడదీసినది 1882లో. ఆ కరువు రోజులలో విల్లోబీ వాలెస్ హూపర్ అనే సైనికాధికారి మద్రాసు రాజధానిలో కరువు పాలైనవారిని ఫోటోలు తీశాడు. ఎముకలు తేలిన తల్లులను, బిడ్డలను వరుసగా కూర్చోబెట్టి తీసినట్టు ఆ బొమ్మలు చూడగానే తెలుస్తుంది. కరువు ఎంతటిదో లోకానికి తెలియడానికి అవి పనికి వచ్చాయి. కాని తీసిన దొర పేరు మనకు తెలుసు, కూర్చున్నవారి పేర్లు తెలియవు. వారిని ఎవరైనా అడిగి తీశారా? కరువు సీమలో పుట్టిన మేము ఆ బొమ్మలను చూచినప్పుడెల్లా ఈ ప్రశ్నే వస్తుంది. ఆకలితో ఉన్నవారు గాని, ప్రార్థనలో ఉన్నవారు గాని వద్దని చెప్పలేని స్థితిలో ఉంటారు. అందుకే వారి పక్షాన మనమే వద్దనుకోవలసి ఉంటుంది.

ఇక ఆ తమ్మునికి, ఆయనవంటి వారికి మేము నేర్చుకొన్న నాలుగు సంగతులు చెబుతాము.

మొదటిది, అడగడము. అయ్యగారిని అడిగితే గోడలకు అనుమతి దొరికినట్టు. మనుష్యులకు అనుమతి మనుష్యులే ఇవ్వాలి. ఆరాధనకు ముందే ఫలానావారు ఫోటోలు తీస్తారు, ఇష్టము లేనివారు చెప్పండి అని ప్రకటన చేయించాలి. వద్దన్నవారిని కారణము అడగరాదు. అన్నిటికంటె మంచిది, గుడి ఖాళీగా ఉన్నప్పుడు వెళ్ళడము. శనివారము గుడి ఊడ్చి చాపలు పరిచే వేళ చాలా అనుకూలము.

ఇతరుల ఆలయాలలోను ఇదే మర్యాద. తిరుమల ఆలయములోనికి కెమెరాలు, సెల్‌ఫోన్లు తీసికొని పోనివ్వరు. రోములోని సిస్టీన్ ప్రార్థనాలయములోను ఫోటోలు తీయనివ్వరు. మన దేశ పురావస్తు శాఖవారు 2018 జులైలో తమ కట్టడాలలో ఫోటోలు తీసుకోవచ్చునన్నారు గాని, అజంతా గుహలు, లేహ్ రాజభవనము, తాజ్‌మహల్ లోపలి సమాధి గది మాత్రము మినహాయించారు. బోర్డుమీద వద్దని ఉన్నచోట స్తంభము చాటునుండి తీస్తే అది నేర్పు కాదు, దొంగతనము. మనకు పొరుగున ఉన్న పెన్నహోబిలము నరసింహస్వామి ఆలయానికి మనము చూడబోయినా, అక్కడి అర్చకుల మాట మన అయ్యగారి మాటవలెనే వినాలి. మన గుడిలో ఇతరులు ఎలా నడుచుకోవాలని కోరుకొంటామో అలాగే మనమూ అక్కడ నడుచుకోవాలి.

రెండవది, వెలుగు. గుడిలో ఫ్లాష్ వద్దు. అది ప్రార్థించేవారి కళ్ళల్లో మెరుపు కొట్టడమే గాక బొమ్మను కూడా చెడగొడుతుంది. దగ్గరి వస్తువు తెల్లగా పాలిపోతుంది, వెనుక గుడి అంతా చీకటవుతుంది. మన సీమలోనే ఉన్న లేపాక్షి వీరభద్రాలయము పైకప్పుమీద 16వ శతాబ్దపు విజయనగర కాలపు రంగుల చిత్రాలున్నాయి. అటువంటి పాత రంగులకు ఎక్కువ వెలుగు మంచిది కాదు. అక్కడ కూడా ఉన్న వెలుగుతోనే తీయాలి.

ఉరవకొండ నేత ఇళ్ళు చూచినవారికి ఈ సంగతి సులభముగా అర్థమవుతుంది. మగ్గము గుంతలో కూర్చున్నవారు వెలుగు ఏ ప్రక్కనుండి వస్తున్నదో చూచుకొనే పోగు సరిచూస్తారు. గుడిలోనూ ముందు కెమెరా తీయకండి. పది నిముషాలు కూర్చొని ఏ కిటికీ వెలుగు ఎక్కడ పడుతున్నదో చూడండి. సున్నపు గోడలు వెలుగును త్రిప్పి కొడతాయి. తెల్లని గోడను కెమెరా బూడిద రంగుగా చూపిస్తుంది గనుక వెలుతురు కొలతను ఒక మెట్టు పెంచుకోవాలి. రాతిఫలకముల మీది అక్షరాలు ఎదురు వెలుగులో కనబడవు. ప్రక్కనుండి ఏటవాలు ఎండ పడే వేళ తీస్తే అరిగిపోయిన అక్షరాలు కూడా నీడతో లేచి నిలుస్తాయి.

క్రిస్మస్ సెలవులలో మెదకు దేవాలయానికి వెళ్ళేవారికి ఒక మాట. చార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారు కరువు రోజులలో కూలి లేని జనానికి పని, అన్నము దొరకాలని ఆ కట్టడము చేపట్టారు. 1914లో మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగినది. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, 175 అడుగుల గోపురము. ప్రభువు జననము, సిలువ, ఆరోహణము చూపే రంగుటద్దాల కిటికీలను ఫ్రాంక్ సాలిస్‌బరీ అనే ఆంగ్ల చిత్రకారుడు రూపొందించాడు. బయటి సూర్యకాంతి వచ్చినంతసేపే ఆ రంగులు లోపల కనబడతాయి. చీకటి పడితే కనబడవు. అటువంటి కిటికీని తీసేటప్పుడు వెలుతురు కొలత అద్దము మీదనే తీసుకోవాలి. చుట్టూ గోడ నల్లబడినా ఫరవాలేదు. గోడను చూపాలనుకొంటే రంగులు తెల్లబడిపోతాయి. తీయనిస్తారా లేదా అన్నది మాత్రము అక్కడివారిని అడిగి తెలిసికొనండి.

మూడవది, చెయ్యి. స్టాండు పెడితే నడిచేవారికి అడ్డము. చాలా చోట్ల దానికి వేరే అనుమతి కూడా అడుగుతారు. చేతితోనే నిలకడగా తీయవచ్చును. రెండు మోచేతులు ప్రక్కటెముకలకు ఆనించాలి. వీపు స్తంభానికి గాని గోడకు గాని ఆనించాలి. ఊపిరి సగము వదలి, ఆపి, మీట మెల్లగా నొక్కాలి. గుంజరాదు. 50 మిల్లీమీటర్ల లెన్సు అయితే షట్టర్ వేగము సెకనులో 50వ వంతుకు తగ్గకుండా చూచుకోవాలి. లోపల మరీ చీకటిగా ఉంటే ఐ.ఎస్.ఓ.ను 1600కో 3200కో పెంచండి. బొమ్మలో కొంచెము గరుకు కనబడుతుంది. కనబడనివ్వండి. వణికిన బొమ్మకంటె గరుకు బొమ్మ మేలు. ఒకేచోట వరుసగా మూడు తీస్తే వాటిలో ఒకటైనా స్థిరముగా ఉంటుంది. సెల్‌ఫోన్‌తో తీసేవారు రెండు సెకనుల టైమర్ పెట్టుకొంటే వ్రేలు తగిలిన అదురు పోతుంది. రెండు పిడికిళ్ళ జొన్నలు చిన్న గుడ్డసంచిలో కట్టుకొని పోయి బెంచీ వీపుమీద పెట్టి, దానిమీద కెమెరా ఆనిస్తే అంతకు మించిన స్టాండు లేదు. కెమెరా శబ్దముతో పాటు చీకటిలో వెలిగే చిన్న ఎర్రదీపము కూడా ఆపివేయడము మరచిపోకండి. ఇవన్నీ ఆరాధనకు భంగము కలగకుండుటకే గాని మన ఉనికి దాచుకొనుటకు కాదు.

నాలుగవది, తీసిన తర్వాత. మేము తప్పిపోయినది ఇక్కడే. మెల్లగా తీయడము నేర్చుకొన్నాము గాని మెల్లగా పంచడము నేర్చుకోలేదు. ఇప్పుడు మాకొక నియమము ఉన్నది. ఇంటికి వచ్చి ప్రతి బొమ్మను పెద్దది చేసి చూస్తాము. ముందున్నవారిని మాత్రమే కాదు, వెనుక వరుసలో, కిటికీ దగ్గర, గడప అవతల ఎవరున్నారో చూస్తాము. ముఖము తెలిసేటట్లున్నవారిలో ఒక్కరినైనా అడగకపోయి ఉంటే ఆ బొమ్మ మా దగ్గరనుండి కదలదు. సంఘము కోసము తీసినవి అచ్చు వేయించి, ఏ తేదీన తీసినదో, ఏ గోడదో వెనుక పెన్సిలుతో వ్రాసి, గుడి పుస్తకాల పెట్టెలో పెట్టిస్తాము. అచ్చు బొమ్మకు సంఘ పెద్దలు కాపలా ఉంటారు. ఫోనులోని బొమ్మకు ఎవరూ కాపలా లేరు.

ఉత్తరము వ్రాసిన తమ్ముడా! నీకు ఇష్టమైన పని మంచి పని. నీవు తీయకపోతే మన సీమలోని ఎన్నో పాత గుళ్ళు ఆనవాలు లేకుండా పోతాయి. కనుక మానవద్దు. కాని ఎవరూ గమనించలేదన్న తృప్తి చాలదు. ఆ పూట గుడిలో ఉన్నవారంతా తరువాత ఆ బొమ్మను చూచి, "ఇది తీసినందుకు సంతోషము" అనగలరా? ఆ ప్రశ్న వేసుకొని మీట నొక్కు. మండుతున్న పొద దగ్గరికి చూడాలనే ఆశతోనే మోషే వెళ్ళాడు. దేవుడు అతనిని వెళ్ళగొట్టలేదు, చెప్పులు విడువమన్నాడు. మనకు కూడా చూడవద్దని ఆజ్ఞ లేదు. ఎలా చూడాలో ఆజ్ఞ ఉన్నది.

తలుపు వేసికొని రహస్యమందు ప్రార్థించమని ప్రభువు నేర్పించారు. ఇరుకు ఇళ్ళలో, పదిమంది నడుమ బ్రతికే మన స్త్రీలలో చాలామందికి తలుపు వేసుకోవడానికి వేరే గది లేదు. గుడిలో చాపమీద కప్పుకొన్న కొంగే వారికి గది. ఆ తలుపు మనము తెరవరాదు.

ఆ సోదరి ఎక్కడ ఉన్నదో, ఆమె బిడ్డకు ఎలా ఉన్నదో మాకు తెలియదు. ఈ పత్రిక చదివే కుటుంబములన్నియు ఈ నెల మీ కుటుంబ ప్రార్థనలో పేరు లేకుండానే ఆమెను జ్ఞాపకము చేసికొనవలెనని వేడుకొంటున్నాము. పేరు దేవునికి తెలుసు. అది చాలు.